మైలుతుత్తం కలపని జిగురు

రిటైరైన ఉద్యోగుల సంఘం నుంచి కార్డు వచ్చింది. ఆయన పోయాడట. బద్వేలులో, కూతురి ఇంట్లో, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, ఏ బాధా లేకుండా పోయాడట. ఆయన జ్ఞాపకార్థం చిన్న పుస్తకం వేస్తున్నారు. యాభైలలో కర్నూలులో ఆయన కింద పనిచేసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. కాబట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి పంపాలి. 'తప్పక' అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశారు.

'ఏ బాధా లేకుండా' అన్నచోట నాకు ఒళ్ళు మండింది.

పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను నలభై ఏళ్ళు తిట్టకుండానే ఉన్నాను. ఆయన బతికుండగా కూడా పల్లెత్తు మాట అనలేదు. అది నా మంచితనం అనుకునేరు, కాదు. ఎందుకో తరువాత చెప్తాను. ఆయన పేరు రాయను, ఆఫీసు పేరూ రాయను. మనవలూ మనవరాళ్ళూ ఉన్నారు, ఆ పాపం వాళ్ళది కాదు. ఆఫీసులో అందరూ 'రికార్డు సారు' అనేవాళ్ళు. మనకు అది చాలు.

ఆ కార్డు జేబులో పెట్టుకునే క్లాసుకు పోయాను. రిటైరయ్యాక నేను కడపలో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు సి భాష చెప్తున్నాను. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను, వినండి. ప్రోగ్రాములో సమాచారం ఉండే చోటు ఒకటి ఉంటుంది, బీరువాలో అరలాగా. పాయింటర్ అంటే ఆ సమాచారం కాదు, అది ఏ అరలో ఉందో చెప్పే చీటీ. చీటీ తప్పయితే ప్రోగ్రాము పోయి వేరేవాడి అరలో చెయ్యి పెడుతుంది. ఇక కాన్‌స్ట్ అంటే, 'దీన్ని ఎవరూ దిద్దకూడదు' అని మనమే ముందుగా రాసుకునే మాట. ఆ మాట రాసినదాన్ని దిద్దబోతే, మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఒప్పుకోదు, అక్కడికక్కడే ఆపేస్తుంది.

ఆ రోజు ఒక అమ్మాయి, మంచి తెలివైన పిల్ల, దిద్దకూడదని నేనిచ్చిన పట్టికను తన ప్రోగ్రాములో దిద్దేసింది. కంపైలర్ ఒప్పుకోకపోతే, ముందు ఒక బలవంతపు మార్పిడి తగిలించి దాని నోరు మూయించింది. దాన్ని కాస్ట్ అంటారు.

"ఇదేమమ్మా?" అన్నాను.

"పని చేస్తాండాది గద సార్," అంది.

"పని చేస్తోందని నీకెవరు చెప్పారు?"

"అవుట్‌పుట్ వచ్చె గద సార్!"

నాకు తిక్క రేగింది. "అది కాస్ట్ కాదు తల్లీ, బ్లేడు!" అని అరిచాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పిల్ల మీద అరిచానా నేను? జేబులో ఉన్న కార్డు మీద అరిచాను.

బ్లేడు సంగతి చెప్తాను.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అరబ్లేడు ఉండేది, అగ్గిపెట్టె అట్టముక్కలో చుట్టి. దాంతోపాటు ఒక గవ్వ. రిజిస్టరులో ఏదైనా తప్పు పడితే నియమం ఒకటే. తప్పు మీద గీత కొట్టి, పైన ఒప్పు రాసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. పాతది కనపడాలి, కొత్తది కనపడాలి, ఎవడు మార్చాడో కనపడాలి. ఆయనకు ఈ మూడూ గిట్టవు. బ్లేడు మొనతో సిరా మీద గీకేవాడు, కుర్రు కుర్రుమని, పళ్ళు జివ్వుమనేలా. గీకిన చోట కాగితం నూగు లేస్తుంది కదా, దాని మీద గవ్వతో రుద్ది నున్నగా చేసేవాడు. తరువాత బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊదేవాడు. ఆ ఊదడం చూడాలి మీరు. దేవుడి పటం మీద దుమ్ము ఊదినంత భక్తిగా ఊదేవాడు. ఆ పొడి వచ్చి పక్క బల్ల దగ్గర కూర్చున్న నా కళ్ళల్లో పడేది.

"కాయితం ఏమన్నా ఏడుస్తాదా అప్పా?" అనేవాడు. అది ఆయన ఊతపదం. రోజుకు పదిసార్లు వినేవాణ్ణి.

చిన్నపాటి మనిషి. బక్కగా, శుభ్రంగా ఉండేవాడు పైకి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట బొట్టు. ఎవరిమీదా గొంతెత్తడు. ఎవరినీ పొమ్మనడు. ఆయన దగ్గరికి వచ్చిన రైతు ఎవడూ 'కాదు' అన్న మాట విని వెనక్కి పోలేదు. బయట ఆయనకు మహా మంచివాడని పేరు. నేను కూడా చేరిన కొత్తలో అలాగే అనుకున్నాను. తరువాత ఆయన భోజనం చూశాను.

ఆయన రికార్డు రూములోనే తినేవాడు. జొన్నరొట్టె, ఎర్రకారం, పైన ఇంత నూనె. ఎడమచేత్తో రిజిస్టరు పుటలు తిప్పుతూ, కుడిచేత్తో రొట్టె తుంచుతూ. మధ్యలో ఏదన్నా చూడాల్సివస్తే కుడిచేతి వేలే నాలుకకు అద్ది పుట తిప్పేవాడు. ఊళ్ళ పటాల మీద, చేల సరిహద్దుల మీద, నూనె వేలిముద్రలు. ఏ కట్ట ఆయన చేతిమీదుగా పోయిందో వాసన చూసి చెప్పొచ్చు. వద్దని చెప్పడానికి నేనెవర్ని? కాపీయిస్టును. అసలు చూసి నకలు రాయడం, 'అసలుతో సరిచూడబడినది' అని కింద సంతకం పెట్టడం నా పని. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో భార్య, చంకలో ఏడాది బిడ్డ.

మా రికార్డు రూములో శాశ్వత రిజిస్టరు ఒకటి ఉండేది. ఏ ఊళ్ళో ఏ నెంబరు చేను ఎంత, దాని కొలతల పటం ఏ కట్టలో ఉంది, అన్నీ అందులో. మొదటి పుటలో ఎవరో పాతకాలపు మనిషి ఎర్రసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో 'శాశ్వతము. దిద్దరాదు' అని రాసిపెట్టాడు. ఆ కట్ట ఏ బీరువాలో, ఏ అరలో ఉందో మాత్రం వేరే పుస్తకంలో ఉంటుంది, దాన్ని ఇండెక్సు అనేవాళ్ళం. కట్ట నెంబరు మారదు. కట్ట ఉండే చోటు మారుతుంది. మారేదాన్ని మారే పుస్తకంలో దిద్దుకోవాలి, మారనిదాన్ని ముట్టుకోకూడదు. ఇంత సులువైన సంగతి మా పిల్లలకు ఎక్కించడానికి నాకు ఆరు క్లాసులు పడుతుంది. చీటీని మార్చుకో, వస్తువును ముట్టుకోవద్దు అని ఒక రకం పాయింటర్. వస్తువును దిద్దుకో, చీటీని కదిలించొద్దు అని ఇంకో రకం. పాయింటర్‌కు వాడే నక్షత్రం గుర్తుకు ముందు కాన్‌స్ట్ రాస్తే మొదటిది, తరువాత రాస్తే రెండోది. రెండూ గట్టిగా ఉండాలంటే రెండుచోట్లా రాయాలి. ఆయనకు మాత్రం ముందూ లేదు, వెనకా లేదు. చీటీలనూ కదిలించేవాడు, వస్తువులనూ గీకేవాడు.

నేను చేరిన ఏడే కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు చోటు చాలక ఎక్కడ చూసినా డేరాలు. మా రాతి భవనం ఒక కొత్త ఆఫీసుకు కావలసి వచ్చింది. మా కట్టలన్నిటినీ ఎద్దులబండ్లకెక్కించి ఊరి చివర వేరుశనక్కాయల గోడౌనుకు తోలించారు. కొన్ని బీరువాలు వచ్చాయి, కొన్ని రాలేదు. అరలన్నీ తారుమారు. ఇక చెయ్యాల్సింది ఒకటే. ఒక్కో కట్ట విప్పి చూసి, ఎక్కడుందో ఇండెక్సు తిరగరాయాలి. ఇద్దరం కూర్చుంటే రెండు నెలల పని.

"అంత పని దేనికప్పా?" అన్నాడు. "చీటీలు అంటించుకుంటా పోదాం."

అంటించాడు. ఇండెక్సు ఆరో బీరువా రెండో అర అంటుంది. అక్కడికి పోతే కట్ట ఉండదు, ఒక చీటీ ఉంటుంది: 'చూడు 11-4'. అంటే పదకొండో బీరువా నాలుగో అర. అక్కడికి పోతే ఇంకో చీటీ, 'చూడు 3-1'. అదృష్టం బాగుంటే మూడోచోట కట్ట ఉంటుంది. లేకపోతే ఆ ఎండలో, ఆ రేకుల కింద, వేరుశనగ పొట్టు వాసనలో, గానుగెద్దులా తిరుగుతూ ఉండాలి.

ఇంతవరకూ బద్ధకం. బద్ధకాన్ని నేను క్షమించగలను. ఆ జిగురును మాత్రం క్షమించలేను.

మైదాపిండి ఉడికించి జిగురు కాచేవాళ్ళు ఆ రోజుల్లో, ప్రతి ఆఫీసులోనూ. అందులో చిటికెడు మైలుతుత్తం కలపాలి, నీలంగా ఉంటుంది, విషం. అది కలిపితే బొద్దింక ముట్టదు, పురుగు పట్టదు. అటెండరుకు కూడా తెలిసిన సంగతి. ఈయన కొబ్బరిచిప్ప నిండా జిగురు పెట్టుకునేవాడు, మైలుతుత్తం మాత్రం పడనిచ్చేవాడు కాదు. ఎందుకు సార్ అని ఒకసారి అడిగాను.

"ఏల్లు నోట్లో పెట్టుకుంటాం గదప్పా! కడుపులోకి పోతే?"

అదీ లెక్క. ఆయన వేలు ఆయన నోట్లో పెట్టుకోవాలి కాబట్టి, జిల్లాలో ఉన్న చేలన్నిటి ఆనవాళ్ళూ మైలుతుత్తం లేని జిగురుతో అంటించాలి. రెండో రోజుకు ఆ చిప్ప పులిసి కంపు కొట్టేది. వారం తిరక్కముందే బొద్దింకలు వచ్చి జిగురంతా శుభ్రంగా నాకిపోయేవి. చీటీలు పొద్దున్నే నేలమీద రాలి ఉండేవి. రాలిన చీటీ ఏ అరదో ఎవడికి తెలుసు? చించి పారేసినా బాగుండేది. ఆయనకు నేలమీద కాగితం ఉంటే సహించదు, శుభ్రమైన మనిషి కదా! వంగి ఏరి, దగ్గర్లో ఏ అర ఉంటే ఆ అరకు మళ్ళీ అంటించేవాడు, నవ్వుతూ, కూనిరాగం తీస్తూ.

థూ! ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ పులిసిన కంపు ముక్కుకు తగులుతోంది.

పాయింటర్‌కు విలువ ఇవ్వకుండా వదిలేస్తే అందులో ఏముంటుంది సార్ అని పిల్లలు అడుగుతారు. ఖాళీగా ఉంటుందనుకుంటారు. ఖాళీగా ఉండదు నాయనా, చెత్త ఉంటుంది, ఆ చెత్త కూడా చూడ్డానికి అచ్చంగా అడ్రసులాగే ఉంటుంది అని చెప్తాను. అందుకే పుట్టించేటప్పుడే దానికి నల్ అని పెట్టమంటాను. నల్ అంటే 'ఇది ఎక్కడికీ చూపడం లేదు' అని ఒప్పుకోవడం. వాడుకునే ముందు నల్ అవునా కాదా అని ఒకసారి చూసుకో, చోటు వదిలేశాక చీటీని మళ్ళీ నల్ చెయ్యి. ఇంతే, ఇదే భద్రత. 'లేదు' అని చెప్పగలగడం. పాయింటర్ల పాఠంలో ఇంతకుమించిన నీతి నాకు తెలియదు.

ఆయన నోట ఆ ఒక్క మాటే రాదు.

ఎస్తేరమ్మ కథ ఇక్కడ చెప్పాలి. నందికొట్కూరు పక్క పల్లెలో వాళ్ళకు ఎకరన్నర చేను. నెంబరు నూట పద్నాలుగు. మొగుడు బేతంచెర్ల దగ్గర బండల గనిలో పనికి పోయేవాడు, ఆఫీసుల తిరుగుడంతా ఆమెదే. ఆ చేలో ఒక మూల బావి ఉంది. మొగుడూ మరిదీ కలిసి మూడు ఎండాకాలాలు తవ్వితే నీళ్ళు పడ్డాయట. నీళ్ళు పడ్డాక పక్క చేని పెద్దాయనకు ఆ మూల మీద కన్ను పడింది. బావి ఉన్న మూల తన నెంబరులోదేనని మునసబు కోర్టులో దావా వేశాడు. గట్టు మీది రాళ్ళు అప్పటికే మాయమయ్యాయి. ఇక మిగిలిన సాక్ష్యం మా దగ్గరున్న పాత కొలతల పటం. దాని నకలు కోర్టులో పెడితే బావి ఎవరిదో తేలిపోతుంది. ఒకవేళ పటం దొరక్కపోతే 'దొరకలేదు' అని మేము రాసిస్తే చాలు, కోర్టువాళ్ళు సర్వేయరును పంపి చేను కొలిపిస్తారు. అప్పుడూ తేలిపోతుంది. ఉంటే ఉందని, లేకపోతే లేదని. ఏదో ఒకటి వాయిదాలోగా చేతికి రావాలి. వాయిదాకు ఆరు వారాలు ఉంది.

మొదటిసారి వచ్చినప్పుడే నేను వెతికాను. ఇండెక్సు 6-2 అంది. అక్కడ చీటీ, చూడు 11-4. అక్కడ చీటీ, చూడు 3-1. మూడో బీరువా మొదటి అరలో చీటీ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'చూడు 6-2' అని ఉంది.

ఆయనకు చెప్పాను. ఆయన లేచి గడపదాకా వచ్చి, మెట్టుమీద కూర్చున్న ఆమెతో ఎంతో ప్రేమగా అన్నాడు.

"ఉండాదిలేమ్మా, ఉండాది. యాడికి పోతాది? వచ్చే వారం రా."

"ఉండాదా అయ్యా?"

"ఉండాక యాడికి పోతాది తల్లీ!"

ఆమె దణ్ణం పెట్టి పోయింది. మళ్ళీ వారం వచ్చింది. బస్సు దిగి ఊరికి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, కొంగున రొట్టె కట్టుకుని. 'ఉండాది.' ఆ పై వారం. 'ఉండాది.' నాలుగోవారం ఆమె పోయాక నేను నోరు తెరిచాను.

"సార్, వాయిదా దగ్గరికొచ్చింది. దొరకలేదని రాసిచ్చేద్దాం సార్. సర్వేయరన్నా వస్తాడు."

ఆయన నన్ను జాలిగా చూశాడు. తప్పుదారిన పోతున్న కొడుకును చూసినట్టు.

"లేదు అనే మాట ఆఫీసులో ఉండకూడదప్పా. లేదు అని రాస్తే, ఎందుకు లేదు, యాడికి పోయె, ఎవని చేతిలో పోయె అని పైనోళ్ళు అడుగుతారు. ఉండాది అంటే ఎవడూ అడగడు. ఆయమ్మ గూడా సంతోషంగా పోతాంది గద?"

"కోర్టులో ఓడిపోతుంది సార్."

"అది కోర్టు పని. మన పని కాదు."

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

ఆరోవారం కోర్టునుంచి తాకీదు వచ్చింది. మా ఆఫీసరు ఆయన్ను పిలిచి, సాయంత్రంలోగా నూట పద్నాలుగు నకలు పోకపోతే మర్యాద దక్కదన్నాడు. ఆయన ఏమీ కంగారు పడలేదు. చేతికందిన కట్టలు విప్పి, పటాల మీది నెంబర్లు చూస్తూ పోయాడు. గంటలో ఒక పటం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇదో, నూట పద్నాలుగు. నకలు రాయి."

చూశాను. నెంబరు నూట పద్నాలుగే. ఊరు మాత్రం కోయిలకుంట్ల దిక్కు ఏదో ఊరు.

"సార్, ఊరు వేరే సార్!"

"నెంబరు అదే గదప్పా?"

"నెంబరు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది సార్."

ఆయన కొబ్బరిచిప్పలో వేలు ముంచి, ఊరి పేరున్న మూలకు ఒక చీటీ అంటించాడు. పేరు మూసుకుపోయింది. ఆ వేలు నాలుకకు రాసుకున్నాడు. తరువాత శాశ్వత రిజిస్టరు తీశాడు. నందికొట్కూరు పుట తెరిచి, ఎస్తేరమ్మ నెంబరుకు ఎదురుగా ఉన్న కట్ట నెంబరు మీద బ్లేడు పెట్టాడు. కుర్రు కుర్రుమని గీకాడు. గవ్వతో రుద్దాడు. ఉఫ్‌మని ఊదాడు. కోయిలకుంట్ల కట్ట నెంబరు రాశాడు.

"ఇప్పుడు రిజిస్టరూ పటమూ సరిపోయె," అన్నాడు. "పని జరిగె గదా?" నేను కలం పట్టుకోకుండా చూస్తూ ఉంటే, మెల్లగా, నవ్వుతూనే అడిగాడు. "నీ ఉద్యోగం ఇంగా పర్మనెంటు కాలేదు గదప్పా?"

రాశాను. ఒక్క గీత పొల్లుపోకుండా రాశాను. నా చేతి పని మంచిదని పేరు నాకు. కింద 'అసలుతో సరిచూడబడినది' అని రాసి సంతకం పెట్టాను. ఆయన సంతకం దాని మీద ఎక్కడా లేదు. ఆయన జీవితంలో దేనిమీదా సంతకం పెట్టలేదనుకుంటాను.

పాయింటర్లలో అన్నిటికన్నా చెడ్డ తప్పు ఏది సార్ అంటే నేను ఇదే చెప్తాను. నల్ చోటికి పోతే ప్రోగ్రాము అక్కడే కూలిపడుతుంది, మనకు తెలుస్తుంది, దిద్దుకుంటాం. చీటీ బాగానే ఉండి, ఆ చోటా ఉండి, అక్కడి వస్తువు మాత్రం మనది కాకపోతే? ప్రోగ్రాము కూలదు. వేరేవాళ్ళ పెళ్ళికి పోయి భోంచేసినట్టు నిమ్మళంగా తేన్చి వస్తుంది. అవుట్‌పుట్ వచ్చె గద సార్! వస్తుంది తల్లీ, ఎందుకు రాదు?

ఎస్తేరమ్మ సాయంత్రం వచ్చింది. నకలు చేతికిస్తే ముందు కళ్ళకద్దుకుంది. ఆమెకు చదువు రాదు. చదువు రాకపోయినా చేను తెలుసు కదా. కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. వేలితో గీతల వెంబడి పోయింది, గట్టు వెంబడి నడిచినట్టు. ఒక మూలకు వచ్చి వేలు ఆగింది.

"నాయనా, ఇందులో నా బాయి యాడ?"

పటాల్లో బావికి చిన్న సున్న చుడతారు. ఆ పటంలో ఏ సున్నా లేదు. ఆయన తన బల్ల దగ్గరినుంచి తలెత్తి నా వైపు చూస్తున్నాడు.

"చిన్న బావి కదమ్మా," అన్నాను. "చిన్నవి పటంలో వెయ్యరు."

"అట్లనా నాయనా," అంది. నమ్మింది. కాగితం మడిచి రొట్టె కట్టుకున్న కొంగులోనే ముడేసుకుని పోయింది.

ఆమె గడప దాటగానే ఆయన లేచి వచ్చి నా భుజం తట్టాడు. "నేర్చుకుంటివప్పా," అన్నాడు. ఆ చెయ్యి జిగురుగా ఉంది. ఇంటికి పోయి చొక్కా విప్పి నేనే ఉతుక్కున్నాను, రెండుసార్లు. ఎందుకని మా ఆవిడ అడిగితే చెప్పలేదు.

ఇదీ నేను నలభై ఏళ్ళు నోరు మూసుకోవడానికి కారణం. ఆయన్ను తిట్టడానికి నోరు తెరిస్తే ఆ సంతకం ఎవరిదని అడుగుతారు.

కోర్టులో ఏం జరుగుతుందో మీరు ఊహించే ఉంటారు. పక్క చేని పెద్దాయన వకీలు ఆ నకలు చూసి నవ్వాడట. కొలతలు కలవవు, దిక్కులు కలవవు, ఇది వీళ్ళ చేనే కాదు, దొంగ పటం తెచ్చారన్నాడట. దొంగ పటం తెచ్చిన మనిషి మిగతా మాటలు ఎవరు నమ్ముతారు? సర్వేయరును పంపమని అడిగే ముఖం కూడా లేకుండా పోయింది. బావి మూల పోయింది.

నెలరోజులకు ఆమె మళ్ళీ వచ్చింది. గడపలో ఆమెను చూడగానే కలం కింద పెట్టాను. తిడుతుంది, శాపాలు పెడుతుంది, పెట్టనీ అనుకున్నాను. ఒక రకంగా పెడితే బాగుండుననే అనుకున్నాను. ఆమె కొంగు ముడి విప్పి ఆ నకలు తీసింది. మడతల దగ్గర చెమటకు మాసి ఉంది. నా బల్ల మీద పెట్టి, చేత్తో సాపు చేసింది.

"ఇది మాది కాదంట నాయనా. ఎవరిదో ఏమో. వాళ్ళకియ్యి. పాపం, వాళ్ళు గూడా తిరుగుతాంటారు."

అంతే అంది. నీళ్ళు కావాలా అని అడిగాను. వద్దంది. బస్సుకు వేళవుతోందని పోయింది.

ఆ ఆఫీసులో అన్నేళ్ళలో ఒక కాగితాన్ని దాని సొంతదారుకు చేర్చాలని చూసిన మనిషి ఆమె ఒక్కతే. మేమంతా జీతాలు తీసుకున్నవాళ్ళం.

"మంచి మనిషప్పా," అన్నాడు ఆయన, పుట తిప్పుతూ. "పేచీ పెట్టలే." ఆ నకలు అందుకుని, చిప్పలో వేలు ముంచి, దానికీ ఒక చీటీ అంటించాడు. అందులో ఎక్కడ చూడమని రాశాడో నేను చూడలేదు.

ఆ మరునాడు ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు, అసలు పటం మూలనున్న చీటీని నీళ్ళతో తడిపి ఊడదీశాను. కోయిలకుంట్ల ఊరి పేరు బయటపడింది. దాన్ని తీసుకుపోయి దాని కట్టలో పెట్టాను. శాశ్వత రిజిస్టరు తెరిచి, గీకిన చోట ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను. అక్కడ ముందు ఏ అంకె ఉండేదో, ఒక్కసారి చూసిన నాకూ గుర్తులేదు, ఆయనకూ గుర్తులేదు. వెలుతురుకు పట్టి చూశాను. కాగితం పలచబడి వెలుతురు ఇవతలికి వస్తోంది, పాత అంకె జాడ లేదు. ఆమె పటం ఆ గోడౌనులో ఎక్కడో ఉండే ఉంటుంది. దానికి దారి చెప్పే ఒకే ఒక్క అంకెను ఆయన ఊదేశాడు.

మరుసటి ఏడు నేను ఆ ఉద్యోగం వదిలేశాను. తరువాత హైదరాబాదులో చిల్లుల కార్డుల యంత్రాల దగ్గర పని దొరికింది, ఆ దారినే కంప్యూటర్ల దగ్గరికి వచ్చాను. ఆయన మాత్రం చివరిదాకా అక్కడే ఉండి, పూలదండలతో రిటైరయ్యాడు.

క్లాసు అయ్యాక ఆ అమ్మాయి ముఖం కడుక్కుని వచ్చింది. ప్రోగ్రాము తిరగరాసింది. కాస్ట్ తీసేసింది, పట్టికను కాన్‌స్ట్‌గానే ఉంచి, తనకు కావలసింది వేరే చోట నకలు తీసుకుని దాన్ని దిద్దుకుంది.

"సార్, ఒగ సందేహం. ఎతికినా అది దొరక్కపోతే ఏం తిరిగి ఇయ్యాల? ఏదో ఒగటి ఇయ్యాల గద?"

"ఏదో ఒకటి ఇవ్వకూడదు తల్లీ. నల్ ఇవ్వు."

"అంటే లేదనా సార్?"

"అంతే. లేదని."

ఇంటికి వచ్చి సంఘంవాళ్ళ కార్డుకు జవాబు రాయడానికి కూర్చున్నాను. నాలుగు మంచి మాటలు అడిగారు. నిజంగానే వెతికాను. ఆయన గొంతెత్తడు, శుభ్రంగా ఉంటాడు, ఎవరినీ కాదనడు. ఈ మూడు రాస్తే వాళ్ళకు చాలు, పుస్తకంలో పుట నిండుతుంది, ఎవరూ ఏమీ అడగరు. కలం కూడా తీశాను. ఎస్తేరమ్మ వేలు ఆ మూలకు వచ్చి ఆగడం కనపడింది.

'నా దగ్గర లేవు' అని రాశాను. కింద సంతకం పెట్టాను. ఆ నకలు మీద పెట్టిన సంతకమే. నలభై ఏళ్ళలో అది ఒక్కటి మారలేదు.